ఆ ఇంట్లో ఇంకెవరున్నారు?

(ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంగ్లండ్ పల్లెల్లో రచయితల ఇళ్ళు చూడబోయేవాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఒకటే. లోపల అడుగు పెట్టగానే మనందరం వెతికేది ఆ రచయిత కూర్చుని రాసిన బల్ల ఎక్కడుందా అని. వెతకండి, తనివితీరా చూడండి. ఆ వెంటనే ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. వాళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చున్న పూట ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? పొయ్యి దగ్గర ఎవరున్నారు? నీళ్ళు ఎవరు తెచ్చారు? రాసినదాన్ని శుభ్రంగా ఎత్తిరాసింది ఎవరు? ఇల్లు గడవడానికి డబ్బు ఎవరిచ్చారు? ఈస్టర్ సెలవుల్లో మా కుటుంబం ఈ ప్రశ్న పట్టుకునే కారెక్కి తిరిగింది.

ప్రశ్న మా అత్తయ్యది. ఆవిడ రాజమండ్రిలో ఆడపిల్లలకు చాలా ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా మేం లండన్ చూపించేవాళ్ళం. ఈసారి ఆవిడే అన్నారు, "లండన్ చాలమ్మా. నేను జన్మంతా ఎవరి పాఠాలు చెప్పుకుని బతికానో వాళ్ళ ఇళ్ళు చూపించు" అని. మా అమ్మాయి స్కూల్లో అప్పటికే 'జేన్ ఐర్' చదువుతోంది. చిన్నవాడికి పీటర్ రాబిట్ తెలుసు. మావారికి డ్రైవింగ్ ఇష్టం. అలా కుదిరింది. పులిహోర, చపాతీలు, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని ముందు దక్షిణానికి వెళ్ళి, అక్కణ్ణుంచి పైకి ఉత్తరానికి వెళ్ళాం.

మొదటి ఊరు హాంప్‌షైర్‌లో చాటన్. రోడ్డు పక్కనే ఎర్ర ఇటుకల ఇల్లు. జేన్ ఆస్టిన్ 1809 నుంచి 1817 దాకా అక్కడే ఉంది. అంతకుముందు సంగతి తెలిస్తే ఆ ఇంటి విలువ అర్థమవుతుంది. 1805లో తండ్రి పోయాక తల్లీ ఇద్దరు కూతుళ్ళూ బాత్‌లో, బంధువుల ఇళ్ళలో, సౌతాంప్టన్‌లో కాలం వెళ్ళదీశారు. ఆ ఏళ్ళలో ఆమె రాసింది చాలా తక్కువ. ఒక అన్న, ఎడ్వర్డ్, పిల్లల్లేని ధనిక బంధువుల ఇంటికి దత్తు వెళ్ళాడు. తన ఎస్టేట్‌లోని ఈ ఇంటిని అమ్మకూ చెల్లెళ్ళకూ ఇచ్చాడు. ఇల్లు కుదిరింది, కలం కదిలింది. 1811లో 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ', 1813లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' వచ్చాయి. ఆ రెండో నవల హక్కులు 110 పౌండ్లకు అమ్మేసింది. 150 వస్తాయని ఆశపడింది పాపం. ఆమె బతికుండగా ఏ పుస్తకం మీదా ఆమె పేరు వేయలేదు. మొదటిదాని మీద "ఒక స్త్రీ రాసినది" అని మాత్రమే ఉంటుంది.

ఆమె రాసుకున్నదని చెప్పే బల్ల కిటికీ దగ్గర పెట్టారు. వాల్‌నట్ చెక్క, పన్నెండు పలకల అంచు, కింద ఒంటి కాలు. ఒక కాగితం, ఒక సిరాబుడ్డి పెడితే కాఫీ కప్పుకు చోటుండదు. చుట్టూ నిలబడినవాళ్ళందరూ ఫోన్లు తీసి ఫొటోలు తీసుకుంటున్నారు. మా అత్తయ్య మాత్రం అక్కడున్న వాలంటీర్ దగ్గరికి వెళ్ళి, "ఈవిడ ఇక్కడ రాసుకుంటూ ఉంటే వంట ఎవరు చేసేవారండీ?" అని అడిగారు. ఆ పెద్దావిడ ముఖం వెలిగిపోయింది. ఆ ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు ఉండేవారు. తల్లి, జేన్, అక్క కసాండ్రా, కుటుంబ స్నేహితురాలు మార్తా లాయిడ్. పొద్దున తొమ్మిదింటికి టిఫిన్ సంగతి చూడటం, టీ పొడి, చక్కెర, వైన్ తాళాలు దగ్గర పెట్టుకోవడం జేన్ వంతు. మిగతా ఇంటి భారమంతా అక్క, మార్తా మోశారు. వంట గురించి మార్తా తన చేత్తో రాసుకున్న పుస్తకం ఇప్పటికీ ఉంది. అందులో "ఇండియా పద్ధతిలో కూర" చేసే విధానం, కూర పొడి తయారీ రెండూ ఉన్నాయి. పొడిలో పసుపు పడుతుంది. అత్తయ్య అయితే ఆ ఇంట్లో ఎవరో చుట్టాలు దొరికినట్టు సంతోషించారు. ఆస్టిన్ ఆరు నవలలూ ఈ ఎనిమిదేళ్ళలోనే రాయడమో, పాత ప్రతులు తిరగరాసి పూర్తి చేయడమో జరిగింది. ఆ ఎనిమిదేళ్ళూ వంటగది బాధ్యత ఇంకొకరు తీసుకున్నారు. ఈ రెండు విషయాలనూ విడదీసి చూడలేను నేను.

ఆమె సమాధి వించెస్టర్ కెథడ్రల్‌లో ఉంది, కారులో అరగంట. నేలలో పరిచిన రాతి మీద ఆమె మంచితనం గురించి, మేధ గురించి చాలా రాశారు. నవలల ప్రస్తావన లేదు. ఆమె రచయిత్రి అని చెప్పే ఇత్తడి ఫలకం పక్కన గోడ మీదికి వచ్చింది 1872లో. పోయింది 1817లో. మా అమ్మాయి ఈ రెండు సంవత్సరాలూ నోట్‌బుక్‌లో రాసుకుంది.

డోర్సెట్‌లో థామస్ హార్డీ. హయ్యర్ బాకామ్టన్ అనే పల్లె. కారు ఆపి అడవిలో కొంత నడవాలి. మట్టి గోడలు, గడ్డి కప్పు. మన పాత పూరిల్లు చూసినవాళ్ళకు కొత్తగా ఏమీ అనిపించదు, లోపల ఆ చల్లదనం కూడా అదే. హార్డీ పుట్టింది 1840లో, ఈ ఇంట్లోనే. 'ఫార్ ఫ్రమ్ ది మాడింగ్ క్రౌడ్' రాసింది కూడా ఇక్కడే. తండ్రి తాపీమేస్త్రీ. తల్లి జెమైమా పెళ్ళికి ముందు ఇళ్ళలో పనిచేసి, వంట చేసి బతికిన మనిషి. ఆవిడకు చదువంటే ప్రాణం. కొడుకు చిన్నపిల్లాడుగా ఉండగానే డ్రైడెన్ అనువదించిన వర్జిల్ పుస్తకం చేతిలో పెట్టింది. అత్తయ్యకు హార్డీ కంటే ఈ జెమైమా ఎక్కువ నచ్చింది.

డోర్చెస్టర్ దగ్గర ఆయన స్వయంగా ప్లాన్ గీసి కట్టించుకున్న ఇల్లు మాక్స్ గేట్. దాని గురించి ఎక్కువ చెప్పను, నాకు ఆ ఇల్లు దిగులుగా అనిపించింది. భార్య ఎమ్మా తొలి రోజుల్లో ఆయన రాతప్రతులు ఎత్తిరాసి పెట్టిన మనిషి. ఆర్కిటెక్ట్ ఉద్యోగం మానేసి రాసుకోమని ధైర్యం చెప్పిన మనిషి. చివరి ఏళ్ళలో అదే ఇంట్లో అటక మీది గదుల్లో విడిగా ఉండిపోయింది. 1912లో ఆమె పోయాక ఆయన ఆమె మీద రాసిన కవితలు ఆయన రాసినవాటిలోకెల్లా గొప్పవి. బతికుండగా మాట్లాడుకుని ఉంటే ఎంత బావుండేది అని మావారు అన్నారు, నేను ఏమీ అనలేదు. 1928లో హార్డీ పోయినప్పుడు చితాభస్మాన్ని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో పెట్టారు, గుండెను మాత్రం వేరుచేసి స్టిన్స్‌ఫోర్డ్ చర్చి ఆవరణలో ఎమ్మా సమాధిలో ఉంచారు. ఇది విన్న దగ్గర్నుంచి మా చిన్నవాడు కార్లో గంటన్నర ఒకటే ప్రశ్నలు. గుండె ఎలా తీశారు, దేంట్లో పెట్టారు, ఎవరు మోశారు.

స్ట్రాట్‌ఫర్డ్ గురించి మీ అందరికీ తెలుసు, త్వరగా దాటేస్తాను. షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు 1847లో వేలానికి వస్తే జనం చందాలు వేసుకుని 3,000 పౌండ్లకు కొని కాపాడారు. ఆ చందాల కోసం డికెన్స్ కూడా తిరిగాడు. తోటలో మన రవీంద్రనాథ్ ఠాగూర్ విగ్రహం ఉంది, చూడకుండా రాకండి. చాలామంది లోపలి గదులు చూసి అటునుంచి అటే షాపులోకి వెళ్ళిపోతారు.

ఇక హావర్త్. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే.

వెస్ట్ యార్క్‌షైర్‌లో రాళ్ళు పరిచిన నిట్టనిలువు వీధి పైన చర్చి, చర్చి వెనక శ్మశానం, శ్మశానానికి ఆనుకుని రచయిత్రులైన బ్రాంటీ అక్కచెల్లెళ్ళ ఇల్లు. ముందు గదుల కిటికీలోంచి చూస్తే సమాధి రాళ్ళే. తండ్రి పాట్రిక్ బ్రాంటీ ఈ చర్చికి పాస్టరుగా 1820లో ఆరుగురు పిల్లలతో వచ్చాడు. మరుసటి ఏడే భార్య పోయింది. 1850లో బాబేజ్ అనే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఊళ్ళో నీళ్ళు, మురుగు పరిశీలించి రిపోర్టు రాశాడు. అప్పటి హావర్త్‌లో చనిపోయేవాళ్ళ సగటు వయసు 25.8 ఏళ్ళు. నూటికి 41 మంది ఆరేళ్ళు నిండకుండానే పోయేవారు. ఆ పరిశీలన జరిపించమని అర్జీలు పెట్టింది పాట్రిక్ బ్రాంటీయే. బ్రాంటీ అక్కచెల్లెళ్ళ అకాల మరణాల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఏదో విధి అన్నట్టు, కవితలా మాట్లాడతారు. అది నాకు నచ్చదు. ఆ ఊళ్ళో తాగేనీళ్ళు బాగుండేవి కావు, జనానికి క్షయ ఉండేది. ఇంటింటా అదే కథ.

భోజనాల గదిలో బల్ల ఉంది. 1847లో వచ్చిన షార్లట్ 'జేన్ ఐర్', ఎమిలీ 'వదరింగ్ హైట్స్', ఆన్ 'ఆగ్నెస్ గ్రే', మూడూ ఆ బల్ల చుట్టూ తయారైనవే. పాట్రిక్ 1861లో చనిపోయాక ఇంట్లో సామాన్లు వేలంలో పోయాయి, ఈ బల్ల కూడా పోయింది. 5,80,000 పౌండ్ల గ్రాంటు తెచ్చి 2015లో దాన్ని మళ్ళీ ఆ గదికే చేర్చారు. దగ్గరగా చూస్తే సిరా మరకలు కనిపిస్తాయి. మధ్యలో కొవ్వొత్తి కాల్చిన మచ్చ ఉంది. ఒకచోట 'ఇ' అనే ఇంగ్లీషు అక్షరం చాకుతో చెక్కి ఉంది. ఎమిలీ చెక్కిందేనా అని మా అమ్మాయి అడిగితే అక్కడివాళ్ళు నవ్వి ఊరుకున్నారు.

రాత్రి తొమ్మిది దాటాక, తండ్రి పడుకున్నాక, ముగ్గురూ ఈ బల్ల చుట్టూ నడుస్తూ ఆరోజు రాసింది ఒకరికొకరు వినిపించుకునేవారు. 1848 సెప్టెంబరులో తమ్ముడు బ్రాన్‌వెల్, డిసెంబరులో ఎమిలీ, 1849 మే నెలలో ఆన్. ముగ్గురూ ఎనిమిది నెలల్లో పోయారు. ఆ తర్వాత షార్లట్ ఒక్కతే రాత్రిళ్ళు ఆ బల్ల చుట్టూ తిరిగేదని, ఆ అడుగుల చప్పుడు వింటుంటే మనసు తరుక్కుపోయేదని ఇంట్లో పనిచేసే మనిషి ఎలిజబెత్ గాస్కెల్‌తో చెప్పుకుంది. గాస్కెల్ ఆ మాట 1857లో తను రాసిన షార్లట్ జీవితచరిత్రలో పెట్టింది. పనిమనిషి చెప్పకపోతే ఆ సంగతి మనదాకా వచ్చేదే కాదు.

గది దాటి వంటింట్లోకి వెళ్ళండి. అక్కడ ఒక మనిషిని తలచుకోవాలి, టాబిథా ఆక్రాయిడ్. పిల్లలు టాబీ అని పిలిచేవారు. తల్లి లేని పిల్లలకు అన్నం పెట్టి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఆ కొండల మీది దెయ్యాల కథలు, పాత కుటుంబాల తగాదాలు యార్క్‌షైర్ యాసలో చెప్పింది ఆవిడ. 1836 చలికాలంలో మంచు మీద జారిపడి టాబీ కాలు విరిగింది. వయసు మీదపడింది కదా, వాళ్ళ చెల్లెలింటికి పంపేద్దాం అని పెద్దమ్మ, అంటే తల్లి అక్క ఎలిజబెత్ బ్రాన్‌వెల్, నిర్ణయించింది. అక్కచెల్లెళ్ళు ముగ్గురూ అన్నం మానేశారు. అప్పటికి షార్లట్‌కు ఇరవై ఏళ్ళు, చిన్నపిల్లేం కాదు. టాబీని ఇంట్లోనే ఉంచి, ఆమె పని కూడా తామే చేసుకుని, ఆమెకు సేవ చేస్తామంటే పెద్దమ్మ ఒప్పుకోక తప్పలేదు. తర్వాత రొట్టెలు చేసే పని ఎమిలీది అయింది. పిండి పిసుకుతూ ఎదురుగా జర్మన్ పుస్తకం తెరిచి పెట్టుకుని చదువుకునేదట.

ఇప్పుడు 'వదరింగ్ హైట్స్' గుర్తు తెచ్చుకోండి. ఆ కథ మొత్తం మనకు ఎవరు చెబుతారు? నెల్లీ డీన్, ఇంటి పనిమనిషి. ఆ గొంతు ఎమిలీకి ఎక్కడ వినిపించిందో ఆ వంటింట్లో నిలబడితే ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

పెద్దమ్మనూ తీసేయడానికి లేదు. 1842లో ఆవిడ చనిపోతూ చెల్లెలి కూతుళ్ళైన ఈ పిల్లలకు తన డబ్బు రాసిచ్చింది. ముగ్గురూ ఆ డబ్బుతోనే 1846లో సొంత ఖర్చుతో కవితా సంపుటి వేసుకున్నారు. ఆడవాళ్ళని తెలియకుండా కరర్ బెల్, ఎలిస్ బెల్, ఆక్టన్ బెల్ అని పేర్లు పెట్టుకున్నారు. తొలి ఏడాది అమ్ముడైనవి రెండు కాపీలు. ఆ మరుసటి ఏడే నవలలు. అంతకు పదేళ్ళ ముందు, 1837లో, షార్లట్ తన కవితలు అప్పటి ఆస్థానకవి రాబర్ట్ సదీకి పంపితే, సాహిత్యం స్త్రీ జీవితానికి వృత్తి కాలేదు, కాకూడదు కూడా అని ఆయన జవాబు రాశాడు. ఆ ఉత్తరం సంగతి చదివాక మా అమ్మాయి మొహం ఎర్రబడింది. ఆ కోపం నాకు ముచ్చటేసింది.

మ్యూజియంలో అద్దం వెనక పిల్లలు చేసుకున్న చిట్టి పుస్తకాలు ఉన్నాయి. తమ్ముడికి తండ్రి కొన్న బొమ్మ సైనికులు చదువుకోవడానికి వీలుగా అంత చిన్నవి. అగ్గిపెట్టె సైజు. కాగితం ముక్కలు కత్తిరించి, దారంతో కుట్టి, అచ్చు అక్షరాల్లా కనిపించేలా చేత్తో రాశారు. భూతద్దం లేకపోతే అక్షరం అర్థం కాదు. వాటిలో ఒకటి 2019లో పారిస్‌లో వేలానికి వస్తే బ్రాంటీ సొసైటీ చందాలు కూడగట్టి 6,00,000 యూరోలకు పాడుకుంది. ఈ సొసైటీ 1893లో అభిమానులు పెట్టుకున్నది, మ్యూజియం 1928లో తెరిచారు. అన్నట్టు, మా చిన్నవాడు ఆ రాత్రి హోటల్ గదిలో నోట్‌ప్యాడ్ కాగితాలు చింపి, నానమ్మ సూదీదారం అడిగి తీసుకుని, తన లెగో బొమ్మల కోసం పుస్తకం కుట్టాడు. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది అదే.

మర్నాడు టాప్ విథెన్స్‌కు నడిచాం. ఊరి నుంచి మూడున్నర మైళ్ళకు పైనే, అంతా మూర్‌లాండ్, అంటే గడ్డీ పొదలూ తప్ప చెట్లు లేని కొండనేల. దారిలో జపనీస్ భాషలో కూడా బోర్డులు ఉన్నాయి. పైన పాడుబడ్డ రాతి ఇల్లు ఒకటుంది. 'వదరింగ్ హైట్స్' ఇల్లు ఇదేనని జనం నమ్మకం. బ్రాంటీ సొసైటీ 1964లో అక్కడ పెట్టిన ఫలకం మాత్రం నిజాయితీగా చెబుతుంది, ఈ ఇల్లు చెక్కుచెదరకుండా ఉన్న రోజుల్లో కూడా ఎమిలీ వర్ణించిన ఇంటిలా ఉండేది కాదని. అక్కడి గాలి గురించి మాత్రం నవలలో అక్షరం అబద్ధం లేదు. అత్తయ్య సగం దాకా వచ్చి జలపాతం దగ్గర ఆగిపోయారు, మావారు తోడున్నారు. మిగతా ముగ్గురం వడగళ్ళలో తడిసి వచ్చాం.

హావర్త్ నుంచి లేక్ డిస్ట్రిక్ట్‌కు ఏ65 రోడ్డు మీద వెళ్తుంటే కోవన్ బ్రిడ్జ్ అనే చిన్న ఊరు వస్తుంది. చాలామంది ఆగరు. 'జేన్ ఐర్'లో లోవుడ్ స్కూలుకు మూలం ఇక్కడి బడే. పాట్రిక్ నలుగురు కూతుళ్ళను అందులో వేశాడు. చలి, అర్ధాకలి, రోగాలు. పెద్దమ్మాయి మరియా, రెండోది ఎలిజబెత్ జబ్బుపడి ఇంటికొచ్చి 1825లో చనిపోయారు. ఒకరికి పదకొండేళ్ళు, ఒకరికి పది. బడి తాలూకు భవనంలో మిగిలిన భాగం రోడ్డు పక్కనే ఉంది, గోడకు ఫలకం ఉంది. అమ్మాయి కారు దిగి చదివొచ్చి, నవలలో ఆ బడిలో చనిపోయే హెలెన్ బర్న్స్ అంటే మరియానే కదా అంది. అవునన్నాను. తర్వాత చాలాసేపు కార్లో పాటలు పెట్టలేదు.

లేక్ డిస్ట్రిక్ట్ అనగానే వర్డ్స్‌వర్త్. గ్రాస్‌మియర్‌లో డవ్ కాటేజ్. 1799 నుంచి 1808 దాకా ఆయన ఇల్లు, అంతకుముందు అదో సత్రం. కింది గదులు చీకటి, రాతి నేల. పైన ఒక చిన్న గది గోడలకు చలి ఆగడానికి చెల్లెలు డొరొతీ పాత వార్తాపత్రికలు అతికించింది. ఇప్పటికీ ఆ గదిని అలాగే చూపిస్తారు. ఇంటి వెనక కొండవాలులో తోట అన్నాచెల్లెళ్ళు కలిసి వేసుకున్నది.

డాఫొడిల్స్ పద్యం మనలో చాలామందికి కంఠతా వచ్చు. ఒక్క పువ్వు చూడకుండానే బట్టీ పట్టాం. మా అత్తయ్యను పిల్లలు "డాఫొడిల్ ఎలా ఉంటుందండీ మేడమ్?" అని అడిగితే "పసుపుపచ్చ పువ్వమ్మా" అనేవారట. ఆ పూలు చూడటానికి ఆంబుల్‌సైడ్ నుంచి కర్క్‌స్టోన్ పాస్ ఎక్కి అవతలికి దిగాం. 1,400 అడుగులు దాటిన కనుమ. దానికెక్కే ఇరుకు దారికి స్థానికులు పెట్టిన పేరే 'ది స్ట్రగుల్'. రెండు వైపులా సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, ఎదురుగా వ్యాను వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాలి. మావారికి డ్రైవింగ్ ఇష్టమన్నానా, ఆ అరగంట మాత్రం కార్లో అందరికీ టెన్షనే.

దిగితే అల్స్‌వాటర్ సరస్సు, గ్లెన్‌కోయ్న్ బే. నీళ్ళ అంచున చెట్ల కింద పూలు. సూపర్ మార్కెట్‌లో ఒక పౌండుకు కట్ట అమ్మే డాఫొడిల్స్ వేరు. ఇవి చిన్నవి, జానెడు ఎత్తు, రేకులు లేత పసుపు, మధ్య గిన్నె ముదురు పసుపు. గాలికి ఒక్కటి కూడా నిలబడి లేదు. 1802 ఏప్రిల్ 15న వర్డ్స్‌వర్త్ ఈ ఒడ్డునే నడిచాడు. పక్కన డొరొతీ ఉంది. ఆరోజు డైరీలో ఆమె అంతా రాసిపెట్టింది. మొదట నీటి దగ్గర కొన్ని పూలు కనిపించడం, ముందుకు పోయేకొద్దీ చెట్ల కింద ఒడ్డు పొడవునా బారులు తీరి ఉండటం, కొన్ని అలసిపోయి నాచు పట్టిన రాళ్ళ మీద తలగడ మీద పెట్టినట్టు తల వాల్చడం, మిగతావి గాలికి ఊగుతూ, నవ్వుతూ నాట్యమాడటం. అన్న పద్యం రాసింది రెండేళ్ళ తర్వాత, 1804లో. అచ్చయింది 1807లో. ఆ పద్యంలో తను మేఘంలా ఒంటరిగా తిరుగుతున్నానన్నాడు. ఏకాంతంలో మనోనేత్రానికి పూలు మెరుస్తాయనే రెండు పాదాలు, చాలామంది మెచ్చుకునే పాదాలు, భార్య మేరీ ఇచ్చినవి. ఈ మాట వర్డ్స్‌వర్త్ స్వయంగా చెప్పాడు. పద్యంలో ఒక్కడే ఉన్నాడు గానీ దాని వెనక ఇంటిల్లిపాదీ ఉన్నారు.

అత్తయ్య ఒడ్డున రాయి మీద కూర్చుని డొరొతీ డైరీ భాగం నా ఫోన్లో చదివారు. రెండుసార్లు చదివారు. "ఇన్నేళ్ళు ఇంతమంది పిల్లలకు ఈ పద్యం చెప్పాను. చెల్లెలు పక్కనే ఉందని మా టెక్స్ట్‌బుక్‌లో ఒక్క ముక్క లేదు" అన్నారు. ఆవిడ గొంతులో కోపం ఉంది, అది న్యాయమైన కోపం. డొరొతీ డైరీలు ఆమె బతికుండగా అచ్చు కాలేదు. చివరి రెండు దశాబ్దాలు జబ్బుతో రైడల్ మౌంట్ ఇంట్లో గడిపింది, అక్కడ అన్నా వదినా ఆమెను కంటికి రెప్పలా చూసుకున్నారు. అదీ చెప్పాలి. గ్రాస్‌మియర్ చర్చి ఆవరణలో అందరి సమాధులూ దగ్గర దగ్గరగా ఉంటాయి. రైడల్‌లో వర్డ్స్‌వర్త్ కూతురు డోరా పేరు మీద ఒక చిన్న పొలం ఉంది. 1847లో ఆమె పోయాక తల్లిదండ్రులు అక్కడ డాఫొడిల్స్ నాటారు. మేం వెళ్ళినప్పుడు విరగబూసి ఉన్నాయి.

ఆ సాయంత్రం అత్తయ్య పిల్లలకు రాజ్యలక్ష్మమ్మ గారి కథ చెప్పారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేసింది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి, వచ్చినవాళ్ళందరికీ తనే వండిపెట్టారు. రాజమండ్రిలో వాళ్ళ ఇల్లు ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడొచ్చు. మా అమ్మాయి "ఆవిడ ఫొటో ఉందా నానమ్మా?" అని అడిగింది. వచ్చే వేసవికి అక్కడికి వెళ్ళాలని ఇద్దరూ అనుకున్నారు.

ఆఖరి మజిలీ నియర్ సారీ అనే పల్లెలో హిల్ టాప్, బీట్రిక్స్ పాటర్ ఇల్లు. పీటర్ రాబిట్ మొదట ఒక జబ్బుపడ్డ పిల్లాడికి 1893లో ఆమె రాసిన బొమ్మల ఉత్తరం. ప్రచురణకర్తలు కాదంటే 1901లో సొంతంగా 250 కాపీలు వేయించుకుంది, 1902లో ఫ్రెడరిక్ వార్న్ వాళ్ళు వేశారు. ఆ రాబడితో 1905లో ఈ పొలం కొంది. తర్వాత పుస్తకాల కంటే గొర్రెల మీదే ఎక్కువ మనసు పెట్టింది. హెర్డ్‌విక్ అని ఆ కొండల తాలూకు నాటు జాతి. 1943లో పోతూ 4,000 ఎకరాలకు పైగా భూమిని, పొలాలతో సహా, పాత ఇళ్ళనూ భూములనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు రాసిచ్చింది, తన కొండ పొలాల్లో హెర్డ్‌విక్ మందలనే పెంచాలని షరతు పెట్టింది. ఆ చుట్టుపక్కల కొండలు బంగళాలు లేకుండా అలా ఉన్నాయంటే అందులో ఆమె పుస్తకాల డబ్బుంది. చిన్నవాడు లోపల చేతిలో పుస్తకం పట్టుకుని బొమ్మలో ఉన్న అల్మరా, గడప, మెట్లు ఒక్కొక్కటీ పోల్చి చూసుకున్నాడు. మీ పిల్లలకూ పుస్తకం ఇచ్చి పంపండి, షాపులో కొనేవరకు ఆగకండి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. హార్డీ ఇళ్ళు రెండూ, హిల్ టాప్ నేషనల్ ట్రస్ట్‌వి, సభ్యత్వం ఉంటే విడిగా డబ్బు కట్టక్కర్లేదు. చాటన్, హావర్త్, డవ్ కాటేజ్ వేరే ట్రస్టులవి, వాటికి టికెట్లు విడిగా తీసుకోవాలి. హిల్ టాప్ చిన్న ఇల్లు, కొద్దిమందినే లోపలికి పంపుతారు, చలికాలంలో మూసేస్తారు, వేళలు ముందే చూసుకోండి. కొండల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. డాఫొడిల్స్ కావాలంటే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో వెళ్ళండి. పెద్దవాళ్ళు ఉంటే హావర్త్ వీధి కింద నుంచి ఎక్కకుండా పైన కార్ పార్కులోనే ఆపండి. అన్ని ఇళ్ళూ ఒకేసారి అక్కర్లేదు, ఒక ప్రయాణానికి రెండు ఇళ్ళు చాలు. ప్రతి గదిలోనూ వాలంటీర్లు ఉంటారు, చాలామంది రిటైరైనవాళ్ళు, ఎంతో ప్రేమగా చెబుతారు. వంటింట్లో ఉన్నవాళ్ళను తప్పకుండా పలకరించండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. రూటు గురించైతే మావారిని అడగండి, వెనక వరుసలో కూర్చున్నారు.